ఆ బటన్ నొక్కిన వేలు నాది

పర్లాకిమిడి బజారులోని మా ఆన్‌లైన్ సెంటర్‌కు వచ్చేవాళ్ళలో చాలామందికి ఈమెయిల్ ఖాతా తెరిచి ఇచ్చింది నేనే. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు, పింఛను కాగితాలకు, రైలు టికెట్టుకు, పాన్ కార్డుకు మెయిల్ చిరునామా అడుగుతారు కాబట్టి, లేదన్నవారికి అక్కడికక్కడే ఒకటి తెరిచి, పాస్‌వర్డు చీటీ మీద రాసి చేతిలో పెడతాను. ఆ పని పూర్తయ్యేలోగా “అంగీకరిస్తున్నాను” అన్న బటన్‌ను ఒకటికి రెండుసార్లు నొక్కవలసి వస్తుంది. పన్నెండేళ్ళుగా నొక్కుతున్నాను. నొక్కేది నా కోసం కాదు, కౌంటరు అవతల బల్ల మీద కూర్చున్న మనిషి కోసం. తాను దేనికి ఒప్పుకున్నాడో ఆ మనిషికి తెలియదు. పోయిన వేసవి వరకు నాకూ తెలియదు.

పోయిన వేసవిలో ఒక సాయంత్రం, చిన్నప్పుడు నాకు తెలుగు చెప్పిన మాస్టారు దుకాణానికి వచ్చారు. ఫోను నా ముందు పెట్టి, “బాబూ, నువ్వు వేసిన ఈ యాప్ నా ఉత్తరాలు చదువుతుందట. మనవడు చెప్పాడు. నేనెప్పుడు ఒప్పుకున్నాను?” అని అడిగారు. రెండేళ్ళ కిందట ఆయన మెయిల్ పెట్టె ప్రకటనలతో నిండిపోయి, విశాఖపట్నం ఆసుపత్రి పంపిన రక్తపరీక్ష రిపోర్టు దొరకక ఇబ్బంది పడుతుంటే, అక్కరలేని మెయిళ్ళను ఏరివేసే ఉచిత యాప్ ఒకటి నేనే వేసి ఇచ్చాను. ఆయన ఎప్పుడు ఒప్పుకున్నారో నాకు బాగా గుర్తుంది. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. నేను నొక్కేశాను.

ఆ సాయంత్రం ఇద్దరం కలిసి ఆ యాప్ గోప్యతా విధానాన్ని మొదటినుంచి చదివాం. అది ఇంగ్లిషులోనే ఉంది. నేను ఒక్కొక్క వాక్యానికి తెలుగు చెబుతూ పోతే, దీపాలు పెట్టే వేళకు మొదలైన పని షట్టరు దించే వేళకు గానీ పూర్తి కాలేదు. యాప్ అడిగిన అనుమతులలో మెయిళ్ళను చదవడం, రాయడం, పంపడం, శాశ్వతంగా తొలగించడం అన్నీ ఉన్నాయి. ఇంకొంచెం కిందికి వెళితే, కొనుగోళ్ళకు సంబంధించిన సందేశాలలోని సమాచారాన్ని, మనిషి పేరు తెలియకుండా చేసి, మార్కెట్ పరిశోధన కోసం మూడవ పక్షాలతో పంచుకోవచ్చు అనే వాక్యం కనిపించింది. మాస్టారు అక్కడ నన్ను ఆపారు. “మొదటి పక్షం నేను, రెండో పక్షం ఆ కంపెనీ. ఆ మూడోవాడి పేరు ఎక్కడ రాశాడు?” అన్నారు. వెతికాను. ఎక్కడా రాయలేదు.

పేరు తీసేస్తే భయం లేదని కంపెనీలు చెబుతాయి. ఆ మాటను నేను నమ్మలేను. మా వీధిలో ఎవరి దగ్గరైనా “నెలకోసారి విశాఖ ఆసుపత్రికి వెళ్ళి వచ్చే రిటైర్డ్ తెలుగు మాస్టారు” అంటే చాలు, పేరు అడగకుండానే ఇల్లు చూపిస్తారు. మందుల బిల్లు, పలాస నుంచి రైలు టికెట్టు, పరీక్షల రిపోర్టు, బీమా రసీదు ఒకే పెట్టెలో చేరినప్పుడు, పేరు ఉన్నా లేకపోయినా ఆ పెట్టె ఒక మనిషి జాతకం వంటిదే.

ఇటువంటి యాప్‌ల కథ కొత్తది కాదు. అక్కరలేని మెయిళ్ళను వదిలించే అన్‌రోల్.మీ అనే అమెరికా సేవ, తన వాడుకదారుల పెట్టెల్లోంచి లిఫ్ట్ అనే టాక్సీ సంస్థ రసీదులను ఏరిందని, పేర్లు తీసేసిన ఆ సమాచారాన్ని దాని మాతృసంస్థ స్లైస్ లిఫ్ట్‌కు పోటీదారైన ఊబర్‌కు అమ్మిందని 2017 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. 2019లో వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అన్‌రోల్.మీ మీద చర్య తీసుకుంది. మెయిల్‌లోకి రానివ్వడానికి సందేహిస్తున్నవారికి, మీ సొంత విషయాల జోలికి రామని ఆ సంస్థ భరోసా ఇచ్చిందని, అలా చెప్పి రసీదులలోని సమాచారాన్ని మాతృసంస్థకు అందించిందని కమిషన్ ఆరోపణ. ఈ కేసులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మరొక సంగతి. 2018 మే 25న ఐరోపాలో సమాచార రక్షణ చట్టం అమల్లోకి వచ్చేసరికి ఆ సేవ ఐరోపావాసులకు తలుపులు మూసేసి వెళ్ళిపోయింది. జనాన్ని సరిగ్గా అడిగి వ్యాపారం చేయడం కంటే ఆ జనాన్నే వదులుకోవడం దానికి మేలనిపించిందన్నమాట.

జీమెయిల్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దుకాణంలో అందరూ అడిగేది దాని గురించే. 2004లో మొదలైనప్పటి నుంచి మెయిల్‌లోని మాటలను బట్టి ప్రకటనలు చూపించిన గూగుల్, ప్రకటనల కోసం మెయిళ్ళను చూడడం మానుకుంటామని 2017 జూన్‌లో ప్రకటించింది. అయితే వాడుకదారు అనుమతి ఇచ్చిన బయటి యాప్‌లకు పెట్టె తెరిచే ఉందని, కొన్ని సంస్థలలో ఉద్యోగులు కూడా ఆ మెయిళ్ళను చదివారని మరుసటి ఏడాది వాల్ స్ట్రీట్ జర్నల్ బయటపెట్టింది. ఆ తర్వాత గూగుల్ నిబంధనలు బిగించింది. అయినా ఎప్పుడో ఇచ్చి మరిచిపోయిన అనుమతిని వెనక్కి తీసుకోవలసింది మనమే.

కంప్యూటర్లో వాడే మెయిల్ సాఫ్ట్‌వేర్ దారి వేరు. పాత పద్ధతిలో ఆ ప్రోగ్రాము మన మెయిల్ సంస్థ నుంచి ఉత్తరాలను నేరుగా మన కంప్యూటర్‌లోకి దించేది. మధ్యలో మూడో ఇల్లు ఉండేది కాదు. ఇప్పటి ప్రోగ్రాములు కొన్ని మన ఖాతా తాళంచెవిని తమ సర్వర్‌కు పంపుకొని, ఉత్తరాలను ముందు అక్కడికి రప్పించుకొని, ఆ తర్వాత మనకు చూపిస్తాయి. విండోస్‌లో ఎప్పటినుంచో ఉన్న మెయిల్ యాప్‌కు బదులుగా మైక్రోసాఫ్ట్ తెచ్చిన కొత్త ఔట్‌లుక్, ఇతర సంస్థల మెయిల్ ఖాతాలను కలిపినప్పుడు పాస్‌వర్డును కూడా తన సర్వర్లకు పంపుతున్నదని 2023 నవంబరులో జర్మనీలోని హైజే పత్రిక పరీక్షించి రాసింది. 2024 జనవరిలో స్విట్జర్లాండ్‌కు చెందిన ప్రోటాన్ సంస్థ, అదే ఔట్‌లుక్ ఐరోపాలో చూపించే అంగీకార పత్రాన్ని ప్రచురించింది. మైక్రోసాఫ్ట్‌తో పాటు 700కు పైగా బయటి సంస్థలు సమాచారాన్ని వాడుకుంటాయని ఆ పత్రంలోనే ఉంది. ప్రకటనలను మనిషికి తగ్గట్టు మలచడం, వాటి ఫలితాన్ని కొలవడం వంటి ప్రయోజనాలూ అందులో కనిపిస్తాయి. ప్రోటాన్ కూడా మెయిల్ సేవ అమ్ముకునే సంస్థే కనుక దాని మాటలను కొంత తగ్గించి వినవచ్చు. కానీ ఆ సంఖ్య ప్రోటాన్ చెప్పినది కాదు, ఔట్‌లుక్ తెర మీద ఉన్నది. ఐరోపాలో చట్టం అడగమన్నది కాబట్టి అక్కడ అడిగారు, అడగబట్టే లోకానికి తెలిసింది.

మన దేశంలోనూ చట్టం వచ్చింది. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పిన తర్వాత ఆరేళ్ళకు, 2023 ఆగస్టులో, డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం రూపుదిద్దుకుంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. నోటీసుకు, అంగీకారానికి సంబంధించిన బాధ్యతలు అక్కడినుంచి 18 నెలలకు, అంటే 2027 మే నెలకు గానీ అమల్లోకి రావు. నేను ఆ చట్టంలో ఆరవ సెక్షన్ చదివాను. అంగీకారం స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతు లేకుండా, సందేహానికి తావు లేకుండా, స్పష్టమైన చర్య ద్వారా ఇచ్చినదై ఉండాలని, ఇచ్చినంత సులువుగా దాన్ని వెనక్కి తీసుకునే వీలుండాలని అందులో ఉంది. దానికి ఇచ్చిన ఉదాహరణ ఒకటి నాకు చాలా నచ్చింది. ఫోనులో వైద్య సలహా ఇచ్చే యాప్ ఒకటి, వైద్యంతో పాటు ఫోనులోని నంబర్ల జాబితా కూడా కావాలంటే, ఆ మనిషి రెండింటికీ సరేనన్నా, వైద్యానికి నంబర్లు అవసరం లేదు కాబట్టి ఆ అంగీకారం వైద్యం మేరకే చెల్లుతుంది. మాస్టారి యాప్‌కు కూడా ఇదే కొలత వేయాలి. అక్కరలేని మెయిల్ ఏరివేయడానికి రక్తపరీక్ష రసీదు మార్కెట్ పరిశోధకుడికి ఎందుకు?

అదే సెక్షన్‌లో భాష సంగతి కూడా ఉంది. అంగీకారం అడిగే మాట తేలికైన భాషలో ఉండాలి, ఇంగ్లిషులో గానీ రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనిలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలి. సరిహద్దు ఊళ్ళో ఉన్నవాడికి ఇది చిన్న మాట కాదు. 1936లో మా ఊరు ఒడిశాలో చేరింది. మా ఇళ్ళల్లో మాట తెలుగు, బడిలో అక్షరం ఒడియా. నా కంటే చిన్నవాళ్ళలో చాలామంది తెలుగు ధారాళంగా మాట్లాడతారు గానీ చదవలేరు. వాళ్ళకు ఫోను తెలుగులో పెట్టి ఇచ్చినా, ఒడియాలో పెట్టి ఇచ్చినా “మూడవ పక్షం” అన్న మాట అర్థం కాదు, ఎందుకంటే అది ఏ ఇంట్లోనూ పలికే మాట కాదు. ఈ ఊళ్ళోనే పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు, జనం మాట్లాడే మాటే పుస్తకంలో ఉండాలని జీవితమంతా వాదించారు. అంగీకార పత్రాలు రాసేవారికి ఆయన వాదం ఇంకా చేరవలసే ఉంది.

పంతులుగారు ఇక్కడి కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు బడి పెట్టి, వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. గుమ్మ వైపు కొండల నుంచి ఇప్పటికీ సవర పిల్లలు స్కాలర్‌షిప్ కోసం మా దుకాణానికి వస్తారు. వాళ్ళ భాష ఎనిమిదవ షెడ్యూలులో లేదు. 18 ఏళ్ళు నిండనివారికి తల్లిదండ్రుల అంగీకారం కావాలని కొత్త చట్టం అంటుంది. ఆ తండ్రి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడి ఉంటాడు, అతనికి ఏ భాషలో చెప్పాలి?

మాస్టారి ఫోనులో ఆ రాత్రే యాప్ తీసేశాను. తీసేసినంత మాత్రాన అనుమతి పోదు కాబట్టి, గూగుల్ ఖాతా సెట్టింగులలో బయటి యాప్‌ల జాబితా తెరిచి, అక్కడి నుంచి కూడా తొలగించాను. ఆ జాబితాలో ఆయనకు గుర్తులేని మరో రెండు పేర్లు ఉంటే అవీ తీసేశాను. మెయిల్‌లోని బొమ్మలు తమంతట తాము తెరుచుకోకుండా ఆపాను, ఎందుకంటే కంటికి కనిపించని చుక్కంత బొమ్మ పెట్టి, ఉత్తరం ఎప్పుడు తెరిచారో పంపినవాడు తెలుసుకోగలడు.

ఇప్పుడు నా కంప్యూటర్ పక్కన అట్టకు అతికించిన కాగితం ఒకటి ఉంటుంది. ఖాతా తెరిచేటప్పుడు, యాప్ వేసేటప్పుడు వచ్చే అంగీకారాల అర్థం అందులో తెలుగులో, ఒడియాలో రాశాను. ముందు అది చదివి వినిపించి, మౌస్ అవతలి మనిషి చేతికి ఇస్తాను. పని ఆలస్యమవుతుంది, సంత రోజున వరుసలో నిలబడ్డవాళ్ళు విసుక్కుంటారు. డిగ్రీ మొదటి ఏడు చదువుతున్న సవర కుర్రవాడొకడు ఆ కాగితం చూసి, తమ మాటలో కూడా రాసి ఇస్తానని ఒడియా లిపిలో రాసి తెచ్చాడు. “మూడవ పక్షం” దగ్గర ఏం రాశావని అడిగితే, తమకు ఆ మాట లేదని, “మనం ఎప్పుడూ చూడనివాళ్ళు” అని రాశానని చెప్పాడు. తెలుగు కాగితంలో “మూడవ పక్షం” కొట్టేసి, దాని మీద నేనూ అదే రాసుకున్నాను.