రాక్ బాగానే ఉంది

ఇంట్లో అందరూ పడుకున్నారు. నాకు మాత్రం మా కారుకు సర్వీస్ సెంటర్ వాళ్ళు ఇచ్చిన ఎస్టిమేటు కాగితం కళ్ళ ముందు నుంచి కదలడం లేదు. ముందు బ్రేకులు డిస్కులతో సహా మార్చాలట, స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలను తిప్పే రాక్ కొత్తది వేయాలట. అడుగున ఒక వాక్యం: పాత బండి కనుక భద్రత దృష్ట్యా వెంటనే చేయించుకోవలెను. మొత్తం ఖర్చు చూసినప్పటి కంటే ఆ వాక్యం చదివినప్పుడే నాకు ఒళ్ళు మండింది. భద్రత అన్న మాట పడ్డాక మధ్యతరగతి మనిషి బేరమాడడు, భయపడి సంతకం పెట్టేస్తాడు. ఆ సంగతి వాళ్ళకు బాగా తెలుసు.

అరిగిన భాగం చూపించమని అడిగాను. "చెకింగ్‌లో వచ్చింది మేడం" అన్నాడు అక్కడి అబ్బాయి. ఏ చెకింగు? చక్రం నట్ల మీద మొన్నటి వానకు పట్టిన మట్టి పెచ్చులు కట్టి అలాగే ఉంది. స్పానర్ తగిలితే ఆ మట్టి రాలకుండా ఉంటుందా?

ఈయన ఏమన్నారో మీరు ఊహించే ఉంటారు. "అమ్మేయరాదూ?" 2007 శాంట్రోకి పదిహేనేళ్ళు నిండి, 2022లో రిజిస్ట్రేషన్ మరో ఐదేళ్ళు పొడిగించుకున్నప్పుడూ ఇదే మాట అన్నారు. నేను జవాబివ్వలేదు. నాన్న బండి గురించి ఆయనతో వాదన పెట్టుకునే ఓపిక ఈ వారం నాకు లేదు.

నేను చెప్పిన బాధలు రెండే. బ్రేకు వేస్తే బండి కాస్త కుడికి లాగుతోంది. హంపు ఎక్కినప్పుడల్లా ఎడమ ముందు చక్రం దగ్గర టక్కుమంటోంది. బెంగళూరులో మా హొరమావు వైపు వీధుల్లో హంపులకు లోటేముంది కనుక, రోజంతా ఆ చప్పుడే.

మధ్యాహ్నం కె.ఆర్.పురం తీగల వంతెన దాకా వెళ్ళి వచ్చి, దిగీ దిగగానే ముందు చక్రాల దగ్గర అరచేయి పెట్టి చూశాను, తాకకుండా. ఎడమది మామూలుగా ఉంది. కుడి దాన్నుంచి సెగ కొట్టింది. చల్లారాక చిన్నవాడిని వెంటబెట్టుకుని సెల్లారులోకి దిగాను. హ్యాండ్ బ్రేకు లాగి, వెనక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, జాకీ ఎత్తి, విప్పిన చక్రాన్ని బండి కిందకే తోశాను. జాకీ జారినా బండి ఆ చక్రం మీద ఆగాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎవరూ తల కిందికి పెట్టకూడదు.

కుడి వైపు బయటి బ్రేకు ప్యాడ్ నిండుగా ఉంది. అంతవరకే చూసినవాడు బ్రేకులు బాగున్నాయనే అంటాడు. లోపలిది కనబడాలంటే ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ పైనున్న సందులోంచి మెడ వంచి టార్చి వేయాలి. ఉక్కు పలక మీద మిగిలిన సరుకు రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. మూడుకు దిగితేనే మార్చేయాలంటారు. ఒకే చక్రంలో ఒక ప్యాడ్ నిండుగా ఉండి రెండోది అరిగిపోయిందంటే మొదట అనుమానించాల్సింది క్యాలిపర్ జారే పిన్నులను. అవి బిగుసుకుంటే బ్రేకు వదిలినా ప్యాడ్ డిస్కును పూర్తిగా వదలదు. అందుకే ఆ సెగ, కుడికి ఆ లాగుడు. ఆ కాగితంలో పిన్నుల ఊసే లేదు! కొత్త డిస్కులు, కొత్త ప్యాడ్లు వేసి పిన్నులను అలాగే వదిలేస్తే ఆ కొత్తవీ ఇలాగే అరుగుతాయి కదా. డిస్కుల మీద గోరు పెట్టి గీసి చూశాను, ఎక్కడా పట్టుకోలేదు. అంచున సన్నని గట్టు ఉంది, అది వాడకంతో వచ్చేదే. కనీస మందం ఎంతో డిస్కు మీదే వేసి ఉంటుంది. కొలిచి, ఇంత తగ్గిందమ్మా అని చెప్పి ఉంటే నోరు మూసుకుని డబ్బు ఇచ్చేదాన్ని.

బ్రేక్ ఆయిల్ డికాషన్ రంగుకు తిరిగింది. మట్టం కూడా తగ్గింది గానీ పైన పోయలేదు. ప్యాడ్లు అరిగే కొద్దీ వాటిని నొక్కే పిస్టన్ ముందుకు వస్తుంది, ఆయిల్ ఆ ఖాళీలోకి దిగుతుంది. ఇప్పుడు నింపితే కొత్త ప్యాడ్లు వేసి పిస్టన్‌ను వెనక్కి నొక్కినప్పుడు పొంగి పోతుంది. ఈ మాట నాన్నదే.

నాన్న మాట అన్నాక తిరుమల గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? కొండ దిగుతున్నాం, 1944 నాటి పాత ఘాట్ రోడ్డులో. నలభై నిమిషాల కంటే ముందు కిందికి చేరకూడదన్న నిబంధన ఉన్నా, మా వెనక నుంచి ఒక కారు హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది. నాలుగు మలుపుల తర్వాత అదే కారు పక్కకు ఆగి ఉంది. ముందు చక్రాల నుంచి పొగ, మాడు వాసన. పెడల్ నేలకు దిగిపోతోందని ఆ డ్రైవరు వణుకుతున్నాడు. వెనక సీట్లో గుండు చేయించుకున్న పసిపిల్ల. ఎవరో బిందెతో నీళ్ళు పోయబోతే నాన్న చెయ్యి పట్టుకుని ఆపారు, కాలిన డిస్కు మీద నీళ్ళు పడితే పగులుతుందని. చల్లారేదాకా మమ్మల్ని కూడా అక్కడే కూర్చోబెట్టారు. అమ్మ పులిహోర పొట్లాలు విప్పి వాళ్ళకూ పెట్టింది. తాజా డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్నది 140 దగ్గరే మరుగుతుంది, అప్పుడు కాలి కింద మిగిలేది ఆవిరే అని ఆ పిట్టగోడ మీద కూర్చునే చెప్పారు. తర్వాత రెండో గేరులో, బ్రేకు తగిలీ తగలకుండా మా బండిని అలిపిరి దాకా దించారు. ఆ కారును ముందు పెట్టుకుని, దాని వేగంలోనే.

ఎడమ చక్రం దగ్గర చిన్నవాడు పనికొచ్చాడు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కదలలేదు, బేరింగు గట్టిగానే ఉంది. రెండు పక్కలా పట్టుకుని ఊపితే సన్నని ఆట, అంటే వదులు. వాడు చక్రం ఊపుతుంటే నేను టై రాడ్ ఎండ్ మీద, అంటే రాక్ నుంచి చక్రానికి వచ్చే కడ్డీ చివరి కీలు మీద వేలు పెట్టాను. రబ్బరు బూటు చిరిగి, లోపలి గ్రీజు ఇసుకతో కలిసి ఎండిపోయింది. టిక్, టిక్ అని వేలికే తెలిసింది. వాడి వేలు కూడా పెట్టించాను. "అమ్మా, దొరికింది!" అని సెల్లారు మొత్తం వినపడేలా అరిచాడు. రాక్ చివర ముడతల రబ్బరు తొడుగు, బెలోస్, పొడిగా ఉంది, ఆయిల్ కారిన జాడ లేదు, దాని లోపలి జాయింటులో ఆట లేదు. పోయింది కొద్ది వందల్లో దొరికే టై రాడ్ ఎండ్.

ఇక్కడిదాకా రాసి ఆగాను. ఆ అబ్బాయి గోళ్ళు గుర్తొచ్చాయి. శుభ్రంగా ఉన్నాయి, గ్రీజు మరక లేదు. వాడి చేతికి ఫారం ఇచ్చారు తప్ప స్పానర్ ఇచ్చినట్టు లేరు. అరిగినదాన్ని వేలితో పట్టుకోవడం వాడికి ఎవరూ నేర్పి ఉండరు. వాడి మీద కోపం దిగింది. ఆ వాక్యం అచ్చువేయించిన వాళ్ళ మీద మాత్రం దిగలేదు, దిగదు.

ఇంకో మాటా మార్చుకుంటున్నాను. జె.సి. రోడ్డులో ప్యాడ్లు కొని నేనే వేద్దామని సాయంత్రం దాకా అనుకున్నాను. వద్దు. చూడడం వేరు, బ్రేకు విప్పి బిగించడం వేరు. పిన్నులు తీసి శుభ్రం చేసి వాటి గ్రీజే వేయాలి, ఆయిల్ మార్చి బ్రేకు గొట్టాల్లోని గాలి తీయాలి, టై రాడ్ ఎండ్ మారిస్తే చక్రాల అలైన్‌మెంట్ తప్పదు. వంతెన అవతల మెకానిక్ ఒకాయన, ముళబాగిలు పెద్దాయన ఉన్నాడు. అడగకముందే పాత భాగాలు పాత పేపర్లో చుట్టి ఇచ్చే మనిషి. పొద్దున ఫోను చేసి, ఆయన్నే ఇక్కడికి రమ్మంటాను. ప్యాడ్లు రెండు వైపులా కొత్తవి వేయమంటాను. అప్పటిదాకా బండి సెల్లారు దాటదు, ఈయన ఆఫీసుకు మెట్రోలో వెళ్ళాలి. ఆ మాట ఇంకా ఆయనకు చెప్పలేదు.