పాత అంబులెన్స్‌ను క్యాంపర్‌గా మార్చడం: ముందు తీగలు, తర్వాత బరువు, పరుపు చివర్న

అమెరికాలో కౌంటీలూ (మన జిల్లాల్లాంటివి) ఫైర్ డిపార్ట్‌మెంట్లూ పక్కన పెట్టిన అంబులెన్స్‌లు వేలంలో తరచూ కనిపిస్తుంటాయి. వాటిని కొని క్యాంపర్‌గా, అంటే పడుకుని వండుకునే చక్రాల ఇల్లుగా, మార్చుకునేవాళ్ల కోసం ఇది. మన 108 బండి చూసిన కళ్లకు ఇవి లారీల్లా అనిపిస్తాయి. వ్యాన్ క్యాబిన్ వెనక విడిగా అల్యూమినియం డబ్బా కట్టి ఉంటే అది టైప్ 3. పికప్ ట్రక్ ఛాసీ (అడుగు చట్రం) మీద అదే డబ్బా ఉంటే టైప్ 1. మామూలు వ్యానుకే కప్పు ఎత్తు పెంచితే టైప్ 2. లోపల నిలబడి వంట చేసుకోవాలి, వెనక ట్రెయిలర్ కూడా లాగాలి అనుకునేవాళ్లు టైప్ 2 జోలికి పోకపోవడమే మేలు. ఇక్కడ చెప్పేదంతా ఫోర్డ్ ఈ-350, ఈ-450 టైప్ 3 బళ్ల గురించి.

2003 వరకూ వచ్చిన 7.3 లీటర్ల పవర్‌స్ట్రోక్ డీజిల్ బళ్లను జనం వెతికి మరీ కొంటారు. ఆ తర్వాత వచ్చిన 6.0 లీటర్ల ఇంజన్‌లో ఆయిల్ కూలర్ పూడుకుపోతుంది, దాని వెనకే ఈజీఆర్ కూలర్ (ఇంజన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లార్చేది) పగులుతుంది, చివరికి ఇంజన్ పైభాగాన్ని బిగించే చోట ఉండే హెడ్ గాస్కెట్ దాకా వస్తుంది. చవగ్గా దొరికిందని తీసుకుంటే ఆ మిగులు మెకానిక్ జేబులోకే పోతుంది. 7.3కీ ఒక జబ్బుంది: క్యామ్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్ పోతే బండి నడిరోడ్డు మీద చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. దాన్ని పట్టి ఉంచేది ఒకే ఒక్క బోల్టు, 10 మిల్లీమీటర్ల సాకెట్ చాలు. కొత్త సెన్సరూ ఆ సాకెట్టూ గ్లవ్ బాక్సులో పడేసి ఉంచండి.

మైళ్ల మీటరు చూసి మురిసిపోవద్దు. అంబులెన్స్ జీవితంలో సగం ఆసుపత్రి గుమ్మం ముందు ఇంజన్ ఆన్‌లోనే గడుస్తుంది. గంటల మీటరు కూడా చూడండి. 90,000 మైళ్లు, 6,000 గంటలు ఉన్నాయనుకుందాం. సగటున గంటకు 30 మైళ్ల చొప్పున నడిచిందనుకుంటే రోడ్డు మీద 3,000 గంటలు, నిలబడి 3,000 గంటలు. నిలబడిన గంటకు 25 మైళ్ల అరుగుదల వేసుకుంటే ఇంకో 75,000 కలుస్తాయి. అంటే మీరు కొంటున్నది 1,65,000 మైళ్ల ఇంజన్. బేరం ఆ లెక్క మీద ఆడండి.

కొన్నాక సైరనూ ఎర్ర లైట్లూ తీసేయాలి. అంబులెన్స్ అన్న అక్షరాలు, నీలిరంగు స్టార్ ఆఫ్ లైఫ్ గుర్తు కూడా పోవాలి. మోటార్ హోమ్‌గా రిజిస్టర్ చేయడానికి ఏమేం కావాలో మీ రాష్ట్రం రూల్సులో ముందే చూసుకోండి. పడక, పొయ్యి, ఫ్రిజ్, నీళ్లు, టాయిలెట్, హీటర్‌లలో ఇన్ని ఉండాలని చాలా రాష్ట్రాలు అడుగుతాయి. ఇన్సూరెన్స్ వాళ్లతోనూ కొనకముందే మాట్లాడుకోవాలి. టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద ఇంకా అంబులెన్స్ అని ఉంటే చాలామంది పాలసీ ఇవ్వరు.

లోపల విప్పేటప్పుడు మందపాటి తోలు చేతి తొడుగులు లేకుండా బెంచీ కింద చెయ్యి పెట్టకండి. ప్యానెళ్ల వెనక, సీటు సందుల్లో వాడేసిన సూదులు దొరకడం మామూలే. స్ట్రెచర్ బిగించే ఇనుప కొక్కేలు తీశాక వాటి బోల్టు రంధ్రాల చుట్టూ ఉన్న ప్లైవుడ్‌ను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. ఏళ్ల తరబడి కడిగిన నీళ్లన్నీ దిగేది అక్కడికే. మెత్తగా దిగబడితే ఆ ముక్క కోసి కొత్తది వేయాల్సిందే.

ఇక తీగలు. కొత్తవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. అవసరం లేదని కనిపించిన తీగనల్లా కత్తిరిస్తారు, తర్వాత బ్రేకు లైటు వెలగదు, రివర్స్ లైటు వెలగదు. తీగల మీద కొన్ని అంగుళాలకోసారి పేరో నంబరో అచ్చు వేసి ఉంటుంది. తీసే ముందు ఫొటో తీయండి, టేపు చుట్టి పేరు రాయండి. డబ్బా కట్టిన కంపెనీ దగ్గర బండి సీరియల్ నంబరు చెప్పి వైరింగ్ డయాగ్రమ్ అడగండి.

అన్నీ ఆపేశాక బ్యాటరీలోంచి ఎంత కరెంటు కారుతోందో కొలవాలి. నెగటివ్ కేబుల్ విప్పి, మధ్యలో మీటరును 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి, అరగంట ఆగండి. ఈలోగా ఎవరూ తలుపు తీయకుండా చూసుకోండి. తలుపు తీస్తే డబ్బాలో లైట్లన్నీ ఒక్కసారే వెలిగి మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. రీడింగ్ 50 మిల్లీఆంపియర్ల లోపు ఉండాలి. 1.5 ఆంపియర్లు చూపిస్తే 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మూడు రోజులు కూడా నిలవదు. ఒక్కో ఫ్యూజూ పీకుతూ పొండి. ఆక్సిజన్ అలారం, రేడియో ఛార్జర్, పాత ఇన్వర్టర్: దొంగ సాధారణంగా ఈ మూడింట్లోనే ఉంటాడు.

లిథియం బ్యాటరీ పెట్టేవాళ్లు దాన్ని నేరుగా ఆల్టర్నేటర్‌కు కలపొద్దు. ఆల్టర్నేటర్ ఎంత ఇస్తే అంతా బ్యాటరీ తాగేస్తుంది. బండి నిలబడి ఇంజన్ తిరుగుతున్నప్పుడు ఫ్యాన్ గాలి చాలక ఆల్టర్నేటర్ కాలిపోతుంది. మధ్యలో ఆ కరెంటును అదుపులో పెట్టే 40 ఆంపియర్ల డీసీ టు డీసీ ఛార్జర్, 6 గేజి రాగి తీగ, రెండు చివరలా 60 ఆంపియర్ల ఫ్యూజులు వేయండి. 200 ఆంపియర్ అవర్లంటే దాదాపు 2,500 వాట్ అవర్లు. ఫ్రిజ్, లైట్లు, ఫ్యాను బాగానే నడుస్తాయి. 13,500 బీటీయూ ఏసీ పెడితే రెండు గంటలు కూడా రాదు. డబ్బాలో ముందే ఉన్న ఏసీ ఇంజన్ ఆన్‌లో ఉంటేనే పనిచేస్తుంది. డల్లాస్ ఎండల్లో రాత్రి నిద్ర పట్టాలంటే కరెంటు ప్లగ్ ఉన్న క్యాంప్‌గ్రౌండే దిక్కు.

లాగే పని బరువు లెక్కతో మొదలవుతుంది. ఈ-450 డ్రైవర్ తలుపు అంచు స్టిక్కర్ మీద తన బరువుతో సహా బండి మోయగల మొత్తం బరువు చాలావాటికి 14,050 పౌండ్లని ఉంటుంది. ట్రెయిలర్‌తో కలిపి ఎంత అన్నది ఓనర్స్ మాన్యువల్‌లో చూడాలి. అది 20,000 అనుకుందాం. నీళ్లు, డీజిల్, మనుషులతో బండి 11,800 తూగితే ట్రెయిలర్‌కు మిగిలేది 8,200.

చాలా బళ్లకు వెనక కనిపించేది మెట్టు మాత్రమే, హిచ్ (ట్రెయిలర్ తగిలించే ఏర్పాటు) కాదు. ఆ మెట్టుకు ట్రెయిలర్ తగిలే ఇనుప బంతి బిగించి లాగితే ఊడి చేతికొస్తుంది. రిసీవర్‌ను (హిచ్ దూరే చదరపు గొట్టాన్ని) ఛాసీ పట్టాలకే బోల్టు చేయాలి, గ్రేడ్ 8 బోల్టులతో. రంధ్రం వేసే ముందు కిందికి దూరి చూడండి: డీజిల్ ట్యాంకు సరిగ్గా ఆ పట్టాల మధ్యే, వెనక ఇరుసుకు వెనకే ఉంటుంది. అక్కడ వెల్డింగ్ ఊసే ఎత్తొద్దు.

ట్రెయిలర్ లైట్ల దగ్గర ఇంకో చిక్కు. చాలా అంబులెన్స్‌లకు వెనక టర్న్ లైటు పసుపు, బ్రేకు లైటు ఎరుపు, విడివిడిగా ఉంటాయి. ట్రెయిలర్‌లో రెండింటికీ ఒకే బల్బు. నేరుగా కలిపితే బ్రేకు తొక్కినప్పుడు ఇండికేటర్ కనబడదు. రెండిటినీ కలిపే కన్వర్టర్ పెట్టాలి. అదీ బ్యాటరీ నుంచి విడిగా కరెంటు తీసుకునే రకమే. ట్రెయిలర్ బ్రేకులు నడిపే బ్రేక్ కంట్రోలర్ సిగ్నల్‌ను డబ్బా వైరింగ్‌లోంచి లాగకండి, పెడల్ దగ్గరి స్విచ్ నుంచే తీసుకోండి. గేర్ బాక్సుకు అదనపు కూలర్, వేడి చూపే మీటరు పెట్టండి. ఎక్కుడులో ఓవర్‌డ్రైవ్ (అన్నిటికన్నా పై గేరు) ఆపేయండి.

టైర్ల మీద గీతలు బాగున్నా పక్కన డాట్ నంబరు (తయారీ ముద్ర) చివరి నాలుగు అంకెలు చదవండి. 2314 అంటే 2014లో 23వ వారం తయారైంది. అంత పాతవైతే ఆరూ (ముందు రెండు, వెనక జంటలుగా నాలుగు) మార్చేయాలి. లోపలి వెనక చక్రాల వాల్వ్ గొట్టం దగ్గర గాలి పోతుంటే బయటికి తెలియదు.

పరుపు, పొయ్యి, సింకు మీ ఇష్టం. గోడల్లోని అల్యూమినియం పట్టీల మీద మాత్రం పలచగా ఫోమ్ వేయండి, లేకపోతే చలికాలం తెల్లారేసరికి వాటి మీద చెమట పట్టి పరుపు తడుస్తుంది.

అన్నీ అయ్యాక ట్రక్ స్టాప్‌లో క్యాట్ కంపెనీ లారీల కాటా మీద రెండుసార్లు తూయించండి, ఒంటరిగా ఒకసారి, ట్రెయిలర్‌తో ఒకసారి. హిచ్ మీద పడే బరువు 600 పౌండ్లు, హిచ్ వెనక ఇరుసుకు 80 అంగుళాల వెనక ఉంది, రెండు ఇరుసుల మధ్య దూరం 158 అనుకుంటే ముందు చక్రాల మీంచి 300 పౌండ్లు లేచిపోతాయి, వెనక చక్రాల మీద 900 పడతాయి. చీటీలో ముందు ఇరుసు అంతకన్నా ఎక్కువ తగ్గితే ట్రెయిలర్‌లో సామాను వెనక్కి జరపండి. హిచ్ మీద బరువు మాత్రం ట్రెయిలర్ బరువులో పదో వంతుకు తగ్గకూడదు, తగ్గితే ట్రెయిలర్ తోక ఊపుతుంది.