రిపోర్టు నాది, ఇంజెక్షన్లు ఆమెకా?

పెళ్లయి మూడేళ్లు దాటాక అనంతపురం నుంచి అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా “ఏమైనా విశేషమా?” అని నా భార్యనే అడిగేది. పరీక్షలూ, స్కాన్లూ కూడా ఆమెకే. అన్నీ నార్మల్ అని తేలాక, మారతహళ్లిలో మేం చూపించుకుంటున్న గైనకాలజిస్టు నాకు వీర్య పరీక్ష రాశారు. అది మొదటి రోజే రాయాల్సిన పరీక్ష. పిల్లలు కలగకపోవడంలో దాదాపు సగం జంటల్లో మగవాడి వైపు కారణం కూడా ఉంటుంది.

శాంపిల్ గంటలోపు ల్యాబ్‌కి చేరాలన్నారు. బెంగళూరు ట్రాఫిక్‌ని నమ్మలేక అక్కడే ఇచ్చాను. వీర్యకణాల కౌంట్ మిల్లీలీటరుకు 60 లక్షలు వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లెక్క ప్రకారం కింది హద్దు 1.6 కోట్లు. కదలిక, అంటే కదిలే కణాలు, కనీసం 42 శాతం ఉండాల్సింది, నాకు 25. ఆ రాత్రి అన్నం సయించలేదు. మగతనానికీ కౌంట్‌కీ సంబంధం లేదని తెలుసు, అయినా మనసు ఊరుకోదు కదా.

ఒక సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్తే అదే పూట ఇక్సీ ప్యాకేజీ ముందు పెట్టారు. ఒక్క వీర్యకణాన్ని సూదితో నేరుగా అండంలోకి ఎక్కించే పద్ధతి అది. 1992లో బ్రస్సెల్స్ డాక్టర్లు దాన్ని లోకానికి తెలియజేశారు. కణాలు మరీ తక్కువున్న ఎందరికో అదే దిక్కు, కాదనను. కానీ రోజూ ఇంజెక్షన్లు వేయించుకోవాల్సింది, మత్తిచ్చి అండాలు తీయించుకోవాల్సింది నా భార్య. నన్ను మాత్రం అక్కడ ఒక్క డాక్టరూ పరీక్షించనే లేదు. అదే నాకు మింగుడు పడలేదు.

మగవాళ్ల సంతాన సమస్యలు చూసే యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాం. ఆయన ముందు అడిగింది, జిమ్‌లో టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు తీసుకున్నానా అని. బయటి నుంచి ఆ హార్మోన్ ఎక్కిస్తే లోపల కణాల తయారీ పడిపోతుందట. తర్వాత నిలబెట్టి, ఊపిరి బిగబట్టి ముక్కమన్నారు. ఎడమవైపు ఉబ్బిన సిరలు ఆయన చేతికే తగిలాయి. వేరికోసిల్! చీటీ వెనక పెన్నుతో గీసి చూపించారు. ఎడమ వృషణం సిర నిటారుగా పైకెళ్లి కిడ్నీ సిరలో అడ్డంగా కలుస్తుంది, కవాటాలు సరిగా మూసుకోకపోతే రక్తం కిందికి జారి నిలిచిపోతుంది. వృషణాలు ఒంటికన్నా కాస్త చల్లగా ఉండాలి, నిలిచిన రక్తం వేడికి కణాలు దెబ్బతింటాయి.

ఒక్క రిపోర్టు చూసి తేల్చకూడదని మళ్లీ పరీక్ష చేయించారు, హార్మోన్లూ, సిరల్లో రక్తం పారే తీరు చూపించే డాప్లర్ స్కానూ చూశారు. నా భార్యకు ఇరవై తొమ్మిదే కాబట్టి ఆగే వీలుందన్నారు. మైక్రోస్కోపు పెట్టి ఆ సిరలు కట్టేసే ఆపరేషన్ చేయించుకున్నాను. ఊళ్లో హెర్నియా అని చెప్పుకుందామని నాన్న అన్నారు. నా భార్య ఒప్పుకోలేదు. “అత్తయ్యా, నాకేం లోపం లేదు, ఆయనకూ సరైపోయేదే” అని అమ్మకు తనే చెప్పింది.

వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. అందుకే మళ్లీ పరీక్ష మూడు నెలల తర్వాతే. ఆ ఎదురుచూపులో టెన్షన్ ఇద్దరిదీ. రిపోర్టులో కౌంట్ 1.9 కోట్లకు వచ్చింది, కదలిక 40కి. ఆర్నెల్లు మామూలుగానే ప్రయత్నించమన్నారు, కాకపోతే ఐయూఐ (వీర్యాన్ని శుద్ధి చేసి గర్భాశయంలోకి ఎక్కించడం), ఆ తర్వాతే ఇక్సీ మాట. ప్రస్తుతం మేం ఆ ఆర్నెల్లలో ఉన్నాం.