దారంతో కుట్టిన పడవ

గాజు అవతల నల్లబడిన చెక్క పలక. అంచున వరసగా చిన్న చిన్న రంధ్రాలు. దారం పోయాక మిగిలిన కుట్లు!

మధ్యాహ్నం నుంచి ఫ్రాన్సులోని మార్సెయ్ చరిత్ర మ్యూజియంలోనే ఉన్నాను. ఈ పడవ సుమారు 2,500 ఏళ్ల నాటిది. పలకల్ని నార దారంతో ఒకదానికొకటి కుట్టేశారు. 1993లో పాత రేవు పక్కన తవ్వితే బయటపడింది.

క్రీ.పూ. 600 ప్రాంతంలో ఇప్పటి టర్కీ తీరంలోని ఫొకేయా నుంచి గ్రీకు నావికులు వచ్చి ఈ ఊరు కట్టారు. అప్పటి పేరు మస్సాలియా. స్థానిక రాజు కూతురు జిప్టిస్ వాళ్ల నాయకుడికి నీళ్ల గిన్నె అందించి వరించిందని కథ. కథ బాగుంది కానీ, నా మనసు ఈ పడవ దగ్గరే ఆగిపోయింది.

పడవ చెక్కకు పూసిన పూతలో ఎర్ర పగడపు ముక్కలు అతుక్కుని దొరికాయట. అంటే దీన్ని నడిపినవాళ్లు పగడాల కోసం కూడా వెళ్లేవారన్నమాట. రాజకుమారి సంగతి పాతికమంది రాశారు, ఈ చేతుల సంగతి ఎవరూ రాయలేదు.

మన తూర్పు తీరంలో మసులా పడవల్ని కూడా ఇలాగే మేకు లేకుండా, కొబ్బరి తాడుతో కుట్టేవారు. అది గుర్తొచ్చి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

బయటికొస్తే ఎదురుగా ప్రాచీన రేవు గోడలు. ఇప్పుడక్కడ నీళ్లు లేవు, గడ్డి మొలిచింది.