వింగర్, డర్క్, గల్లీ: పాత స్కాట్లాండ్ నడుము కత్తులు

పాత స్కాట్స్ భాషలో రాసిన కోర్టు కాగితాలు, వీలునామాలు చదవబోయేవాళ్లకు ముందు అడ్డం తగిలేది స్పెల్లింగు. ఇంగ్లిష్‌వాళ్లు డబ్ల్యూ, హెచ్ కలిపి రాసేచోట స్కాట్లాండ్ రాయసగాళ్లు క్యూ, యు, హెచ్ అని మూడక్షరాలు రాసేవాళ్లు. అందుకని వింగర్ అనే కత్తి పాత కాగితాల్లో క్యూతో మొదలవుతుంది. విటిల్ అనే చిన్న కత్తిదీ అదే సంగతి. ఈ ముడి విప్పుకున్నాక అసలు చిక్కు మొదలవుతుంది: ఏ పేరు ఏ కత్తిది? అన్నిటినీ "బాకు" అని తెలుగు చేసేస్తే సగం అర్థం పోతుంది. ఈ కత్తుల్లో చాలావాటికి తిండి దగ్గరా పని ఉండేది, కొట్లాటలోనూ పని ఉండేది. ఏ పూట ఏ పని అన్నది పేరు చెప్పదు, సందర్భం చెబుతుంది.

ముందు వింగర్. దక్షిణాన లోలాండ్స్‌లో, ఇంగ్లండ్ సరిహద్దు జిల్లాల్లో మగవాళ్లు నడుముకు కట్టుకున్న పొట్టి కత్తి ఇది. ఒకచోట పెద్ద బాకంత ఉంటుంది, ఇంకోచోట పొట్టి ఖడ్గమంత. కాగితంలో కొలత లేకపోతే పేరు చూసి పొడుగు ఊహించకూడదు. 16వ శతాబ్దంలో విందుకు పిలిచినవాళ్లు బల్లమీద ఫోర్కులు పెట్టేవాళ్లు కాదు. వచ్చినవాడు తన కత్తి తనే తెచ్చుకోవాలి. ఎడమచేత్తో మాంసం అదిమిపట్టి, కుడిచేత్తో కోసి, ముక్కను మొనకు గుచ్చి నోట్లో పెట్టుకోవాలి. అంటే బల్ల చుట్టూ కూర్చున్న ప్రతివాడి దగ్గరా పదునైన ఇనుము సిద్ధంగా ఉన్నట్టే. మాటా మాటా పెరిగితే ఆయుధం కోసం ఇంటికి పరిగెత్తక్కర్లేదు. పట్టణాల రికార్డుల్లో వింగర్ దూసినందుకు శిక్షలు కనిపించేది అందుకే.

కాస్త ఉన్నవాళ్లు ఈ రెండు పనుల్నీ విడదీసుకున్నారు. పెద్ద బాకు ఒరకు ముందువైపు చిన్న అరలు కుట్టించి, అందులో తిండికి ఒక చిన్న కత్తి, తోలుకు బెజ్జాలు వేయడానికి ఒక ఆరె పెట్టుకునేవాళ్లు. పాత బాకు ఒర చేతికొస్తే ముందు ఆ అరలే చూడాలి. అవి ఉంటే పెద్ద కత్తి తిండికి దిగే అవసరం తక్కువ పడిందని అర్థం.

కత్తి కట్టుకోవడం అలవాటే కాదు, ఒకప్పుడు చట్టం కూడా. స్కాట్లాండ్ రాజు మొదటి జేమ్స్ కాలంలో, 1429-30 నాటి శాసనం ప్రకారం పది పౌన్ల సొత్తున్న మామూలు రైతు సైతం విల్లు, అమ్ముల పొది, ఖడ్గం, చిన్న డాలు, వాటితో పాటు కత్తి సిద్ధంగా ఉంచుకోవాలి. అదే రాజును 1437 ఫిబ్రవరిలో పెర్త్ పట్టణంలోని బ్లాక్‌ఫ్రయర్స్ మఠంలో చంపారు. నేల కింద కాలువలో దాక్కున్న ఆయన చేతిలో ఏ ఆయుధమూ లేదు. కత్తులతో లోపలికి దూకిన ఇద్దరితో పెనుగులాడి, కత్తులు లాక్కోబోయి చేతులు కోసుకుపోయాయని ఆనాటి కథనం చెబుతుంది. ఇరుకు చోట పొట్టి కత్తికున్న బలం ఇదే. ఖడ్గం ఎత్తడానికి జాగా లేనిచోట జానెడు ఇనుము చాలు, దాన్ని ఉత్త చేత్తో పట్టుకుంటే పట్టుకున్నవాడికే గాయం.

కత్తిని చూసి మనిషిని గుర్తుపట్టే రోజులవి. 1566 మార్చి 9న ఎడిన్‌బరోలోని హోలీరూడ్ రాజభవనంలో స్కాట్లాండ్ రాణి మేరీ కార్యదర్శి రిజ్జియోను చంపినప్పుడు, రాణి భర్త డార్న్‌లీ బాకునే ఆ ఒంట్లో దించి వదిలేశారు. ఈ పనిలో ఆయనకూ చెయ్యుందని ఎవరూ నోటితో చెప్పనక్కర్లేకపోయింది.

ఇక డర్క్. హైలాండ్స్ వాళ్ల భాష గేలిక్‌లో దీనికి వేరే పేరుంది, లోలాండ్స్ వాళ్లు రాసిన పేరు డర్క్. ఉత్తరాన హైలాండ్స్ వాళ్ల కత్తి ఇది. దీనికి పూర్వీకుడు మధ్యయుగాల నాటి ఒక బాకు. దాని పిడి మొదట్లో రెండు గుండ్రటి ఉబ్బులుండేవి. జనం వాటిని వృషణాలతో పోల్చి మొహమాటం లేకుండా ఆ పేరే పెట్టారు. తరవాత విక్టోరియా కాలంలో సిగ్గుపడి "మూత్రపిండాల బాకు" అని మార్చారు. డర్క్‌లో ఆ ఉబ్బులు చదునై పిడిలో కలిసిపోయాయి, కానీ పోలిక పోలేదు.

జాన్ మేర్ అనే పండితుడు 1521లోనే హైలాండర్ల గురించి రాస్తూ, నడుము పట్టీ కింద పెద్ద బాకు పెట్టుకుంటారనీ, దానికి ఒకవైపే వాదర ఉంటుందనీ, అది చాలా పదునుగా ఉంటుందనీ చెప్పాడు. రెండు వందల ఏళ్ల తరవాత, బ్రిటిష్ సైన్యం తరఫున జనరల్ వేడ్ హైలాండ్స్‌లో రోడ్లు వేయిస్తున్న కాలంలో అక్కడున్న ఎడ్మండ్ బర్ట్ దీన్నే వర్ణించాడు: అడుగుకు పైగా పొడుగు, తిన్నటి అలుగు (కత్తి రేకు), దాదాపు అంగుళం మందం వెన్ను, నాలుకలా సాగిన మొన. కట్టెలు కొట్టడానికీ ఇతర పనులకూ అది లేకపోతే కుదరదని హైలాండర్లు చెబుతారట. ఆయన మాత్రం దాన్ని దుప్పటి కింద దాచుకున్న హానిగానే చూశాడు. అంగుళం మందమన్న మాట నేను నమ్మను. మిగిలిన డర్క్‌ల వెన్ను అందులో సగం కూడా ఉండదు. కట్టెల మాట మాత్రం నిజమే అయివుండాలి. వెన్ను మందంగా ఉండి, వాదర వైపుకు చీలలా సన్నబడే అలుగు పుల్లలు చీల్చడానికి సరిగ్గా సరిపోతుంది. వెన్నుమీద దుంగతో కొట్టినా వంగదు. పొడవడానికీ ఆ మందమే కావాలి. ఒకే రూపం రెండు పనులకూ కుదిరింది.

అలుగు చాలాసార్లు కొత్తగా కొలిమిలో పుట్టింది కాదు. విరిగిన ఖడ్గాన్ని 12 నుంచి 15 అంగుళాల పొడుగుకు కోసి డర్క్ చేసుకునేవాళ్లు. ఖడ్గం ఉక్కుకు ముందే పొగరు, అంటే కాల్చి ముంచితే వచ్చే గట్టిదనం, పట్టి ఉంటుంది కాబట్టి ఆకురాయితో, తిరుగుడు సానతో అరగదీస్తే చాలు. ఇక్కడ జరిగే తప్పు ఒకటే: నీళ్లు లేకుండా సాన పట్టడం. వాదర పలచబడే కొద్దీ వేడి అక్కడే నిలిచిపోతుంది. ఉక్కుమీద గడ్డి రంగు తేలిందంటే 220 డిగ్రీల సెల్సియస్ దాటినట్టు, నీలం తేలిందంటే 290 దగ్గరికి చేరినట్టు. నీలం పడిన వాదర మెత్తబడిపోతుంది, ఎంత నూరినా పదును నిలవదు. ఆ మేర మొత్తం అరగదీసి పారేయాలి, లేదా మళ్లీ కాల్చి ముంచాలి. కత్తి వేలికి వేడిగా తగలకముందే నీళ్లలో ముంచుతూ ఉంటే ఈ తిప్పలు రావు.

డర్క్ అందం పిడిలో ఉంది. బురదలో వందల ఏళ్లు నాని నల్లబడిన ఓక్, ఐవీ తీగ మొదలు, హెదర్ వేరు, బాక్స్ చెట్టు కర్ర, ఇలాంటివి వాడేవాళ్లు. వేరు కర్ర ఎందుకంటే దాని నార ఒక దిక్కుకు పోదు, ముడులు పడి ఉంటుంది. తిన్నటి నారున్న కర్రకు బెజ్జం వేసి, అలుగు వెనకుండే ఇనుప తోక దింపి, పైన సుత్తితో కొడితే నిట్టనిలువునా పగులుతుంది. వేరు కర్ర ఓర్చుకుంటుంది. దానిమీద జడ అల్లినట్టు ఒక పాయ పైనుంచి, ఒక పాయ కిందనుంచి వెళ్లే అల్లిక చెక్కుతారు. అది అందానికే కాదు, తడి చేతికి పట్టు కూడా ఇస్తుంది. నేర్చుకునేవాళ్లు చెడగొట్టేది ఇక్కడే. పాయలు దాటే ప్రతి చోటా ఏది పైన, ఏది కింద అని ముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోకపోతే, పిడి చుట్టూ తిరిగి మొదటికి వచ్చేసరికి రెండు పాయలూ పైనే తేలతాయి. చెక్కిన కర్ర మళ్లీ అతుక్కోదు.

తోక దింపడానికి ముందు సన్నటి బెజ్జం వేసుకుని, ఆ తరవాత తోకను ఎర్రగా కాల్చి అందులో దింపితే బెజ్జం తోక ఆకారానికి వస్తుంది. కాల్చేటప్పుడు అలుగు మొదటికి తడిగుడ్డ చుట్టాలి, లేకపోతే వేడి పైకి పాకి పొగరు పోతుంది. బెజ్జం మరీ చిన్నదైతే కర్ర ఎక్కువ కాలి బొగ్గవుతుంది. ఆ బొగ్గు నెలరోజుల్లో రాలిపోయి పిడి కదులుతుంది. బొగ్గంతా గీకేసి, ఖాళీలో కరగబెట్టిన చెట్టు బంక నింపి, తోక చివరను పిడి కొసన పెట్టిన ఇత్తడి బిళ్లలోంచి పైకి తీసి చల్లారాక సుత్తితో మడత కొట్టాలి. కర్ర బాగా ఎండిందై ఉండాలి. పచ్చిది ఎండేకొద్దీ కుదించుకుపోతుంది, బిళ్ల వదులవుతుంది.

ఆ బిళ్ల ఎందుకంత వెడల్పు, పిడి మొదట్లో ఆ ఉబ్బులెందుకు అంటే, పట్టులో ఉంది జవాబు. డర్క్‌ను మొన కిందికి ఉండేలా పిడికిలి బిగించి పట్టేవాళ్లు. పొడిచేటప్పుడు చెయ్యి అలుగువైపు జారకుండా ఉబ్బులు ఆపుతాయి, వెనక్కి లాగేటప్పుడు బిళ్ల ఆపుతుంది. యుద్ధంలో కుడిచేతిలో ఖడ్గం, ఎడమ ముంజేతికి టార్జ్ అనే గుండ్రటి డాలు, అదే ఎడమ పిడికిలిలో డర్క్. డాలు అడ్డుకొలత సుమారు 20 అంగుళాలు. పిడికిలి నడిబొడ్డుకు 6 అంగుళాలు పక్కగా ఉందనుకుంటే, అక్కడి నుంచి కింది అంచుకు 8 అంగుళాల దూరం. 13 అంగుళాల అలుగైతే మొన 5 అంగుళాలు డాలు కింద బయటికి వస్తుంది. 9 అంగుళాల కత్తి పట్టుకుంటే అంగుళం మాత్రమే కనిపిస్తుంది, అది దేనికీ పనికిరాదు. డర్క్ పొడుగు 12 అంగుళాలకు తగ్గకపోవడానికి ఈ లెక్క ఒక కారణమని నా నమ్మకం. ఎదుటివాడి తుపాకీ బాయ్‌నెట్‌ను డాలుతో పక్కకు తోసేస్తే, అదే ఊపులో డాలు కింది మొన వాడి మీదికి పోతుంది.

వంటింటి కత్తి పేరు గల్లీ. మన గల్లీకీ దీనికీ చుట్టరికం లేదు, పలకడమే ఒకటి. వెడల్పాటి అలుగు, బరువైన పిడి. రొట్టె, జున్ను, మాంసం, కేల్ ఆకు కాడలు కోయడానికి. కేల్ అక్కడి రోజువారీ కూర, దాని కాడ చెరుకు గడలా గట్టిగా ఉంటుంది కాబట్టి చిన్న కత్తికి లొంగదు. జేబులో ఉండేది జాక్టెలెగ్, మడత కత్తి. ఆ పేరు లీజ్ పట్టణపు కమ్మరి జాక్ నుంచి వచ్చిందని ఒక కథ ఉంది గానీ, రుజువు లేదు. 1789లో స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ ఒక కవితలో, బైబిల్లో అన్న చేతిలో చచ్చిన ఏబెల్ గొంతు కోసిన కత్తి జాక్టెలెగా, పొడుగు కేల్ కోసే గల్లీయా అని సరదా ఆడాడు. విన్నవాళ్లకు రెండూ ఇంట్లో ఉన్న వస్తువులే కాబట్టి అది నవ్వించింది. కరువు నెలల్లో హైలాండర్లు పశువు మెడ దగ్గర నరం మీద చిన్న గాటు పెట్టి, కొద్దిగా రక్తం పట్టి, ఓట్స్ పిండితో కలిపి ఉడికించుకునేవాళ్లు. ఆ పనికి కావలసింది చిన్న కత్తే, చాలా పదునైనది. మొద్దుబారినదైతే గాటు చిరుగుతుంది, రక్తం ఆగదు, పశువు దక్కదు.

గద్దె పోయిన స్టూవర్ట్ రాజవంశం కోసం 1715లో జరిగిన తిరుగుబాటు తరవాత వచ్చిన 1716 చట్టం వింగర్‌నూ డర్క్‌నూ పేరు పెట్టి నిషేధించింది: ఖడ్గం, డాలు, బాకు, వింగర్, డర్క్, పిస్తోలు, తుపాకీ అంటూ జాబితా. జరిమానా 5 నుంచి 40 స్టెర్లింగ్ పౌన్లు. గల్లీ, జాక్టెలెగ్ ఆ జాబితాలో లేవు. జనం తుప్పు పట్టినవి అప్పగించి పరిహారం తీసుకున్నారు, మంచివి దాచుకున్నారు. 1746లో చట్టం మరీ కఠినమై, హైలాండ్ దుస్తులకూ పాకింది. దుస్తుల నిషేధం 1782లో తీసేశారు.

స్కియన్ దూ అని ఇవాళ కిల్ట్ అనే గళ్ల లంగా లాంటి మగవాళ్ల దుస్తుతో పాటు మేజోడులో దోపుకునే మూడు, మూడున్నర అంగుళాల కత్తి ఆ తరవాత పేరు తెచ్చుకుంది. గ్లెన్‌గారీ నాయకుడు మెక్‌డోనెల్‌ను హెన్రీ రేబర్న్ 1812 ప్రాంతంలో గీసిన చిత్రంలో మేజోడు అంచున అది కనిపిస్తుంది.

గ్లాస్గోలో, ఎడిన్‌బరోలో చదువుకుంటూ పట్టా పుచ్చుకునే రోజునో స్నేహితుల పెళ్లికో కిల్ట్ అద్దెకు తీసుకునే మన పిల్లలకు ఈ సంగతి అక్కరకొస్తుంది. స్కాట్లాండ్‌లో అమల్లో ఉన్న 1995 చట్టం బహిరంగ స్థలంలో కత్తి పట్టుకు తిరగడం నేరమంటుంది. పని కోసం, మతాచారం కోసం, జాతీయ దుస్తుల్లో భాగంగా ఉంటే మినహాయింపు ఉంది. సిక్కుల కృపాణం, కిల్ట్‌లోని స్కియన్ దూ ఇలా నిలబడ్డాయి. కిల్ట్ విప్పి ప్యాంటు వేసుకుని అదే కత్తి జేబులో పెట్టుకుంటే ఆ మినహాయింపు వర్తించదు. మూడు అంగుళాలకు మించని మామూలు మడత కత్తికి చట్టం అడ్డు చెప్పదు, తెరిచాక తాళం పడేదైతే చెబుతుంది. ఆ కొలతలో ఉండి తాళం పడని పాత జాక్టెలెగ్ ఇప్పటికీ నిషేధం బయటే ఉంది.