చేపలకీ సోషల్ నంబరుకీ ఏంటి సంబంధం?

నేను కడియం దగ్గర కాలవగట్టు మీద పెరిగినవాణ్ణి. గాలానికి వానపామును గుచ్చి, లాగు జేబులో ఇంకో నాలుగు వేసుకుని, బడి ఎగ్గొట్టి జెల్లలు పట్టేవాణ్ణి. చేపలు పట్టడానికి కూడా లైసెన్స్ ఉంటుందని డాలస్ వచ్చాకే తెలిసింది.

మావాడికి పన్నెండేళ్లు. వాడి క్లాసులో ఎవరో లూయిస్‌విల్ లేక్‌లో చేపను పట్టుకుని దిగిన ఫొటో చూపించారట. ఇక ఆగస్టు నెలంతా ఇంట్లో అదే గోల. ఒక శనివారం సాయంత్రం వాణ్ణి తీసుకుని వేట సామాన్లు అమ్మే పెద్ద షాపుకి వెళ్లాను. గాలం, దారం, ఎర డబ్బా తీసుకుని, లైసెన్సులిచ్చే కౌంటర్ దగ్గర నిలబడ్డాం. టెక్సస్‌లో ఈ లైసెన్స్ సెప్టెంబరు 1 నుంచి ఆగస్టు 31 దాకా లెక్క. ఆగస్టు మధ్యలోనే కొత్త ఏడాదివి అమ్మడం మొదలవుతుంది కాబట్టి లైన్ బాగానే ఉంది. మంచినీటి చేపలకైతే 30 డాలర్లు.

కౌంటర్లో కుర్రాడు నా డ్రైవింగ్ లైసెన్స్ తీసుకుని పేరు, అడ్రసు కొట్టుకున్నాడు. ఎత్తు అడిగాడు, కళ్ల రంగు అడిగాడు. తర్వాత తలెత్తకుండానే, "సోషల్?" అన్నాడు. అంటే సోషల్ సెక్యూరిటీ నంబరు, అమెరికా ప్రభుత్వం ఒక్కో మనిషికి ఇచ్చే నంబరు.

నా వెనక పదిమంది దాకా ఉన్నారు. వాళ్లందరికీ వినపడేలా నేను తొమ్మిది అంకెలూ చదవాలన్నమాట. ఆ తొమ్మిది అంకెలతోనే ఇక్కడ జీతం, పన్ను, అప్పు, అద్దె ఇల్లు అన్నీ నడుస్తాయి. అవి ఇంకొకడి చేతిలో పడితే వాడు మన పేరు మీద కారు కొనుక్కుంటాడు, వాయిదాల నోటీసులు మనకొస్తాయి.

"ఇవ్వకపోతే?"

"సిస్టమ్ ముందుకి వెళ్లదు సార్."

"అసలు ఎందుకు అడుగుతున్నారు?"

"ఏమో సార్, అందరూ ఇస్తారు."

ఈ 'అందరూ ఇస్తారు' నాకు కొత్తేం కాదు. ఇండియాలో ఉన్నప్పుడు సిమ్ కార్డుకని, లాడ్జిలో రూముకని, గ్యాస్‌కని ఆధార్ జిరాక్సులు ఎన్ని ఇచ్చానో లెక్కలేదు. అవి ఎవరి బీరువాల్లో ఉన్నాయో, ఏ మిరపకాయ బజ్జీల పొట్లాలయ్యాయో! 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డుల వ్యాపారం చేసే ఒకతన్ని పోలీసులు పట్టుకున్నారు. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో ఉన్న దస్తావేజులు డౌన్‌లోడ్ చేసి, వాటి మీది వేలిముద్రలకి రబ్బరు అచ్చులు తీసి, అదే కాగితాల్లో దొరికిన ఆధార్ నంబర్లతో సిమ్‌లు యాక్టివేట్ చేశాడని కేసు. అప్పుడు ఆ వార్త చదివి 'అమ్మో' అనుకుని ఊరుకున్నాను. ఈసారి మాత్రం ఎందుకో నోరు పెగల్లేదు. గాలానికి డబ్బులు కట్టి, లైసెన్స్ లేకుండానే బయటికొచ్చేశాం. కారులో మావాడు నాతో మాట్లాడలేదు.

ఆ రాత్రి కూర్చుని వెతికితే తెలిసిన సంగతి విని మా ఆవిడ పడీపడీ నవ్వింది. చేపల లైసెన్స్‌కి సోషల్ నంబరు అడిగేది విడాకుల గొడవల కోసమట! తల్లిదండ్రులు విడిపోయినప్పుడు పిల్లల పోషణకి నెలనెలా కట్టాల్సిన డబ్బు ఎగ్గొట్టి రాష్ట్రాలు మారిపోయేవాళ్లని పట్టుకోవడానికి 1996లో క్లింటన్ సంతకం పెట్టిన సంక్షేమ చట్టంలో ఒక నిబంధన పెట్టారు. వృత్తి లైసెన్సుల దరఖాస్తుల్లో, చివరికి పెళ్లి లైసెన్స్ దరఖాస్తులో కూడా రాష్ట్రాలు సోషల్ నంబరు తీసుకోవాలి. మరుసటి ఏడాది దాన్ని సవరించి వేట, చేపల లైసెన్సుల్ని కూడా కలిపేశారు. బాకీ ఉన్నవాడి లైసెన్స్ ఆపే అధికారం కూడా ఇచ్చారు. పిల్లాడికి తిండి పెట్టనివాడు చెరువు గట్టున తీరిగ్గా గాలం వేసుకుని కూర్చోకూడదని వాళ్ల ఉద్దేశం. ఉద్దేశాన్ని నేను తప్పు పట్టను.

"ఏమండీ, మనవాడికి మీరేమన్నా బాకీ ఉన్నారా?" అంది మా ఆవిడ.

"ఒక లైసెన్స్ బాకీ."

తను హెచ్-4 వీసా మీద, అంటే ఇక్కడ ఉద్యోగం చేసేవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా మీద ఉంది. తనకి సోషల్ నంబరే లేదు. డ్రైవింగ్ లైసెన్స్ తీసుకున్నప్పుడు, నంబరు లేదని ఒక కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చింది. "లేనిదాన్ని నా దగ్గరేం దొంగిలిస్తారు?" అని నవ్వుతుంది కానీ, తన పేరున ఒక క్రెడిట్ కార్డు తీసుకోవడానికి పడ్డ పాట్లు గుర్తొస్తే ఆ నవ్వు ఎక్కువసేపు ఉండదు.

ఇంకో చట్టం కూడా కనపడింది. 1974 నాటి ప్రైవసీ చట్టం. ప్రభుత్వ ఆఫీసు ఏదైనా సోషల్ నంబరు అడిగితే మూడు సంగతులు చెప్పి తీరాలి: ఇవ్వడం తప్పనిసరా లేక మన ఇష్టమా, ఏ చట్టం ప్రకారం అడుగుతున్నారు, దాన్ని దేనికి వాడతారు. కౌంటర్లో కుర్రాడికి ఎవరూ చెప్పినట్టు లేరు. ఆన్‌లైన్‌లో లైసెన్స్ కొనే పేజీలో మాత్రం ఆ మాటలు చిన్న అక్షరాల్లో ఉన్నాయి. చదివాక అర్థమైంది, ఇవ్వక తప్పదని. నా పట్టుదల అక్కడితో సగం చచ్చింది.

మిగతా సగం చావకపోవడానికి కారణం 2016 నాటి సంగతి. ఆ ఆగస్టులో ఐడాహో, ఆరిగన్, వాషింగ్టన్, కెంటకీ రాష్ట్రాల వేట, చేపల లైసెన్సులు అమ్మే కంప్యూటర్లలోకి హ్యాకర్ చొరబడ్డాడు. లక్షలమంది వివరాలు బయటపడ్డాయి. కొన్నిచోట్ల అమ్మకాలే ఆపేయాల్సి వచ్చింది. నంబరు తీసుకునేది పిల్లల పోషణ పేరు చెప్పి, అది వెళ్లి కూర్చునేది చేపల లైసెన్సుల కంప్యూటర్లో. ఆ కంప్యూటర్‌కి బ్యాంకు కంప్యూటర్‌కి ఉన్నంత కాపలా ఉంటుందా?

అందుకని ముందు తాళం వేసుకుందామని, మన అప్పుల చరిత్ర రాసి ఉంచే మూడు క్రెడిట్ బ్యూరోల్లోనూ నా ఖాతాలని ఫ్రీజ్ చేశాను, అంటే నా పేరు మీద ఎవరూ కొత్త అప్పు తీసుకోకుండా ఆపేశాను. 2017లో ఆ మూడింట్లో ఒకటైన ఈక్విఫాక్స్ నుంచి సుమారు 14.7 కోట్లమంది వివరాలు పోయాక గొడవై, 2018 సెప్టెంబరు నుంచి ఈ ఫ్రీజ్ ఉచితం చేశారు. పావుగంట పని అన్నారు. నాకు రెండు సాయంత్రాలు పట్టింది. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒకచోట ఇంటిపేరు ముందు రాశాను, ఇంకోచోట వెనక రాశాను, ఒకచోట అసలు పేరునే రెండుగా విరగ్గొట్టాను. ఆ ముగ్గురూ నేనే అని నిరూపించుకోవడానికి పాత అద్దె ఇళ్ల అడ్రసులన్నీ తవ్వి తీయాల్సి వచ్చింది.

ఆ తర్వాత మా ఇంట్లో, మా లాప్‌టాప్‌లో, తలుపు వేసుకుని మరీ ఆ తొమ్మిది అంకెలూ కొట్టాను. అయిదు నిమిషాల్లో లైసెన్స్ వచ్చింది. దాని మీద సోషల్ నంబరు ఉందేమోనని ముందూ వెనకా చూశాను. లేదు. వేరే కస్టమర్ నంబరు ఉంది. అసలు నంబరు ఫైల్లో ఉంచుకుని, కాగితం మీద ఇంకో నంబరు వేసుకోవచ్చని ఆ సంక్షేమ చట్టంలోనే ఉందట.

ఇంతా చేశాక తెలిసింది, పదిహేడేళ్లు నిండని పిల్లలకి లైసెన్స్ అక్కర్లేదని. పైగా టెక్సస్ స్టేట్ పార్కుల్లో గట్టు మీద నుంచి గాలం వేసే పెద్దవాళ్లకీ అక్కర్లేదు. మేం మొదటిసారి వెళ్లింది రే రాబర్ట్స్ లేక్ స్టేట్ పార్కుకే. నా 30 డాలర్ల కాగితం జేబులోనే ఉంది, ఎవరూ అడగలేదు.

సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. పనిలో పనిగా, ఎవరికైనా ఆధార్ ఇవ్వాల్సొస్తే చివరి నాలుగు అంకెలే కనపడే మాస్క్‌డ్ కాపీ ఇమ్మన్నాను.

"అవన్నీ నాకెందుకురా? మన సెంటర్లో జిరాక్స్ షాపు కుర్రాడు చూసుకుంటాడు. నా ఆధారు వాడి కంప్యూటర్లోనే ఉంది. నా పేరు పెట్టి మరీ దాచాడు, ప్రతిసారీ వెతుక్కోకుండా."

నేను ఏదో అనబోయేలోపు ఆయనే అందుకున్నాడు.

"అదలా ఉంచు. ఇంతకీ ఏం చేప పడిందిరా?"

"అరచెయ్యంత చేప నాన్నా, బ్లూగిల్ అంటారు. నీ మనవడే పట్టాడు. మళ్లీ నీళ్లలో వదిలేశాం."

"వదిలేశారా!" అన్నాడు నాన్న. సోషల్ నంబరు కథంతా విన్నప్పుడు కూడా ఆయన అంత బాధపడలేదు.