దుబాయ్‌లో మా అమ్మాయికి బ్రిటిష్ స్కూలు వెతికినప్పుడు

మా ఆయనకు దుబాయ్ ఉద్యోగం ఖాయమయ్యేసరికి 2023 మే నెల వచ్చేసింది. అప్పటికి మా అమ్మాయి హైదరాబాద్‌లో రెండో తరగతి పూర్తి చేసింది. దుబాయ్‌లో ఇండియన్ స్కూళ్లకు కొదవ లేదు, ఫీజులూ తక్కువే. కానీ వాటికి చదువు ఏప్రిల్‌లోనే మొదలైపోతుంది, మేం దిగేది జులైలో. బ్రిటిష్ స్కూళ్లయితే ఆగస్టు ఆఖర్లో తెరుస్తారు. సగం నిర్ణయం అక్కడే జరిగిపోయింది. మా ఆయన పనిలో దేశాలు మారడం మామూలే. రేపు మస్కట్ వెళ్లినా సింగపూర్ వెళ్లినా ఇదే సిలబస్ దొరుకుతుందన్నది మిగతా సగం.

పాప 2015 జులైలో పుట్టింది. అప్పటి లెక్క ప్రకారం ఆగస్టు 31 నాటికి ఎనిమిదేళ్లు నిండితే ఇయర్ ఫోర్. మా మామగారు ఫోన్లో "మూడు చదవకుండానే నాలుగా? డబుల్ ప్రమోషన్ ఇచ్చారా అమ్మా?" అని తెగ సంతోషపడిపోయారు. వాళ్ల ఇయర్ ఫోర్ మన మూడో తరగతికి సమానమని చెప్పాక, మరి అంత ఫీజు ఎందుకన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

దుబాయ్‌లో ప్రైవేటు స్కూళ్లను చూసే ప్రభుత్వ సంస్థ కేహెచ్‌డీఏ. స్కూళ్లను తనిఖీ చేసి ఔట్‌స్టాండింగ్ నుంచి వెరీ వీక్ వరకు ఆరు మెట్లలో రేటింగ్ ఇస్తుంది. అందరూ ఆ ఒక్క మాట చూసి పరుగెత్తుతారు. నన్నడిగితే అసలు సరుకంతా రిపోర్టు లోపలి పట్టికల్లో ఉంటుంది. ఇంగ్లిష్, గణితం, సైన్సు, అరబిక్‌లకు ఒక్కో దశలో విడివిడిగా స్థాయి రాస్తారు. పైన "వెరీ గుడ్" అని ఉన్న స్కూల్లో ప్రైమరీ గణితం ఒక మెట్టు కింద ఉండొచ్చు. పైన "గుడ్" అని మాత్రమే ఉన్నచోట మనకు కావలసిన దశ బాగుండొచ్చు. మేం చేర్చింది ఆ రెండో రకం స్కూల్లోనే. ఇప్పుడు వెతికేవాళ్లు రిపోర్టు మీద ఏడాది కూడా చూసుకోండి, 2024-25లో చాలా స్కూళ్లకు పూర్తి తనిఖీలు ఆపేశారు. విదేశాల్లోని బ్రిటిష్ స్కూళ్ల కోసం బ్రిటన్ విద్యాశాఖ గుర్తింపుతో జరిగే బీఎస్ఓ (బ్రిటిష్ స్కూల్స్ ఓవర్సీస్) తనిఖీ రిపోర్టు కూడా ఉంటే ఇంకా మంచిది.

ఒక పేరున్న స్కూలు మాత్రం ఇయర్ ఫోర్‌లో ఖాళీ లేదని తెలిసి కూడా 500 దిర్హాముల పైనే అప్లికేషన్ ఫీజు తీసుకుని, తర్వాత తీరిగ్గా వెయిటింగ్ లిస్టు అంది. కట్టేముందు ఆ క్లాసులో సీటు ఉందో లేదో మెయిల్లో రాయించుకోండి.

నిర్ణయానికి బాగా పనికొచ్చింది స్కూలుకు స్వయంగా వెళ్లి చూడటమే. ఈత కొలను, ఆడిటోరియం అన్నీ చూపిస్తారు. నేను "పోయినేడు ఉన్న టీచర్లలో ఎంతమంది మిగిలారు?" అని అడిగాను. అక్కడ టీచర్లు చాలామంది రెండేళ్ల కాంట్రాక్టు మీద వస్తారు. కొందరు సూటిగా చెప్పారు, కొందరు లైబ్రరీ చూద్దాం రండి అన్నారు.

చివరికి చేర్చిన స్కూల్లో ప్రవేశానికి క్యాట్‌ఫోర్ పరీక్ష పెట్టారు. పాఠాలు అడగరు. బొమ్మల్లో వరస పట్టుకోవడం, మాటల మధ్య సంబంధం లాంటివి ఉంటాయి. ఆ తర్వాత ఒక టీచరమ్మ పాపను పక్కన కూర్చోబెట్టుకుని 23ని 4తో గుణించమంది. ఇరవయ్యో ఎక్కం దాకా వచ్చిన పిల్ల కదా, టక్కున 92 రాసింది. "ఎలా చేశావు? ఇంకో దారిలో చేయగలవా?" అని అడిగిందావిడ. తప్పు రాశాననుకుని మా అమ్మాయి రబ్బరు తీసి 92ని చెరిపేసింది. టీచరమ్మ నవ్వి, తనే మళ్లీ 92 రాసి, పక్కన 20, 3 అని విడగొట్టి చూపించింది. నాకు ఆ స్కూలు అప్పుడే నచ్చేసింది.

కాగితాల పని విసుగే కానీ కష్టం కాదు. టీసీ మీద డీఈఓ సంతకం, విదేశాంగ శాఖ స్టాంపు, యూఏఈ ఎంబసీ స్టాంపు అన్నీ ఇండియాలో ఉండగానే వేయించుకోండి.

ఫీజు సంగతికొస్తే, అప్పట్లో మేం చూసిన బ్రిటిష్ స్కూళ్లలో ఏడాదికి ఇరవై వేల దిర్హాముల చుట్టుపక్కల నుంచి లక్ష దాటే దాకా ఉండేది. మా ఆయన కంపెనీ చదువు ఖర్చు ఇవ్వదు, కాబట్టి లక్ష వైపు చూడనే లేదు. బస్సు, యూనిఫాం, ట్రిప్పులు అదనం. ఏ క్లాసుకు ఎంతో కేహెచ్‌డీఏ ఫ్యాక్ట్ షీట్‌లో ఉంటుంది. చేరే ఏడాదిది ఒక్కటే కాకుండా కింద వరస మొత్తం చదవండి.

చదువు మధ్యలో ఇండియా వెళ్లాల్సి వస్తే ఎలా అన్నది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. సీబీఎస్ఈలో తొమ్మిదో తరగతిలోనే బోర్డు రిజిస్ట్రేషన్ అయిపోతుంది. ఇక్కడ ఇయర్ టెన్, ఇలెవెన్ రెండూ కలిపి జీసీఎస్ఈ కోర్సు, అంటే మన పదో తరగతి పరీక్షల లాంటిది. అందుకే మారదలిస్తే ఇయర్ నైన్ అయ్యేలోపే మారాలి, ఆ తర్వాత మన ఇంటర్ లాంటి ఏ లెవెల్స్ దాకా ఇక్కడే సాగడం మేలు. ఎక్కాలు, హిందీ పోకుండా ఇంట్లో చూసుకుంటున్నాం. తెలుగు శుక్రవారం సాయంత్రం నా దగ్గరే. స్కూల్లో అరబిక్ తప్పనిసరి, దాని హోంవర్కులో మాత్రం మేమిద్దరం అక్షరం ముక్క సాయం చేయలేం.

ఇప్పుడు పాప ఇయర్ సిక్స్. వచ్చే ఏడు సెకండరీ, ఫీజు ఇంకో మెట్టు ఎక్కుతుంది. మా ఆయన కాంట్రాక్టు రెన్యువల్ కూడా అప్పుడే.